తెర మీది సాక్ష్యం, తరగతిలో విచారణ

1945 నవంబరు 29. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నాజీ అగ్రనాయకుల మీద అంతర్జాతీయ సైనిక న్యాయస్థానం విచారణ మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది. ఆ మధ్యాహ్నం కోర్టు హాల్లో దీపాలు ఆర్పి సినిమా వేశారు. ముద్దాయిల బోనులో మాత్రం మసక వెలుతురు ఉంచారు. మనస్తత్వ నిపుణుడు గుస్తావ్ గిల్బర్ట్ ఒక చివర, మనోవైద్యుడు డగ్లస్ కెల్లీ మరో చివర నిలబడి ముద్దాయిల ముఖాలు చూస్తూ రాసుకున్నారు. బ్యాంకర్ షాఖ్ట్ తెర వైపు చూడనంటూ ముఖం తిప్పేసుకున్నాడు. ఆర్థికమంత్రిగా చేసిన ఫుంక్ ఏడ్చాడు. సుమారు గంటసేపు నడిచిన ఆ చిత్రం పేరు 'నాజీ కాన్సంట్రేషన్ క్యాంప్స్'. మిత్రరాజ్యాల సైన్యాలు శిబిరాల్లో అడుగుపెట్టినప్పుడు తీసిన దృశ్యాలను హాలీవుడ్ దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ ఆధ్వర్యంలో కూర్చారు. శవాల గుట్టలకంటే ముందు ఆ తెర మీద ప్రమాణపత్రాలు కనిపిస్తాయి. ఇందులో దేన్నీ మార్చలేదనీ, ఉన్నది ఉన్నట్టు తీసిందేననీ స్టీవెన్స్, మరో అధికారి ప్రమాణం చేసి సంతకాలు పెట్టిన కాగితాలవి.

జాతిహననం గురించి పిల్లలకు సినిమా ద్వారా చెప్పే పాఠాల చరిత్రను ఆ మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాలి. సినిమా ముందు కోర్టుకు వెళ్లింది, ఆ తర్వాతే బడికి వచ్చింది. కోర్టులో దానికి నియమాలున్నాయి. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎవరి తరఫున తీశారు, ఏం వదిలేశారు అని అడుగుతారు. అడిగాకే సాక్ష్యంగా ఒప్పుకుంటారు. బడికి వచ్చేసరికి ఆ నియమాలు చాలాసార్లు గుమ్మం బయటే ఆగిపోయాయి. సినిమా వేసి, పిల్లల చేత కన్నీళ్లు పెట్టించి, గంట కొట్టి ఇంటికి పంపడమే పాఠమనుకున్న చోట అది బెడిసికొట్టింది. ప్రశ్నలు అడగనిచ్చిన చోట పిల్లలు న్యాయమంటే ఏమిటో నేర్చుకున్నారు. ఎనిమిది దశాబ్దాల ఈ ప్రయాణాన్ని వెనుదిరిగి చూస్తే తేటతెల్లంగా కనిపించేది ఇదే.

విషం ఎక్కించిందీ తెరే

పిల్లల మనసుల్లోకి సినిమా ఎంత లోతుగా దిగుతుందో ఉపాధ్యాయులకంటే ముందు హంతకులే కనిపెట్టారు. హిట్లర్ యువజన దళంలోని పిల్లల కోసం నాజీలు ప్రత్యేక సినిమా ప్రదర్శనలు నడిపారు. 1940లో వైట్ హర్లాన్ తీసిన 'జూద్ జ్యూస్' యూదుణ్ని మోసగాడిగా, స్త్రీల మానం చెరిచేవాడిగా చూపించింది. ఎస్‌ఎస్ దళాలు, పోలీసులు ఆ సినిమాను చూసి తీరాలని వాళ్ల అధిపతి హిమ్లర్ ఆదేశించాడు. జర్మనీలోనూ, ఆక్రమించిన దేశాల్లోనూ లక్షలాది మంది చూశారు. యుద్ధం ముగిశాక మానవాళి మీద నేరం చేశాడన్న అభియోగంతో హర్లాన్‌ను హాంబర్గ్ కోర్టులో విచారించారు. నిర్దోషిగా బయటపడ్డాడు.

ఆ సినిమా ఇప్పటికీ జర్మనీలో ఉంది. దాన్ని తగలబెట్టలేదు, దాచిపెట్టలేదు. అయితే ఊరికే వేయడానికి వీల్లేదు. ముందు తెలిసినవాళ్లు పరిచయం చేయాలి, తర్వాత చర్చ జరగాలి. ఈ నియమం విషపూరితమైన సినిమాకే ఎందుకు? మంచి సినిమాకూ ఇది అంతే అవసరమని తర్వాతి అనుభవాలు రుజువు చేశాయి.

బాధితుల పక్షాన కూడా సినిమా ముందుగానే నిలబడింది. 1919లో అమెరికాలో 'రావిష్డ్ ఆర్మేనియా' విడుదలైంది. ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఆర్మేనియన్ల ఊచకోత నుంచి బతికి బయటపడిన అరోరా మార్డిగానియన్ అనే యువతి అందులో తన పాత్ర తానే పోషించింది. సహాయ నిధికి డబ్బు వచ్చింది కానీ న్యాయం రాలేదు. రెండేళ్ల తర్వాత బెర్లిన్ వీధిలో ఆ ఊచకోత నడిపిన ఒట్టోమన్ నేత తలాత్ పాషాను ఒక ఆర్మేనియన్ యువకుడు కాల్చి చంపితే, పదిలక్షల చావులకు బాధ్యుడైనవాణ్ని విచారించే చట్టం ఎందుకు లేదని పోలండ్‌లో ఒక విద్యార్థి ప్రశ్నించాడు. అతని పేరు రఫాయెల్ లెమ్కిన్. 1944లో ఆ నేరానికి పేరు పెట్టిందీ, 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి చేత జాతిహనన నిషేధ ఒప్పందాన్ని ఆమోదింపజేయడానికి కాళ్లరిగేలా తిరిగిందీ అతనే.

ఒక టోపీ కథ

యుద్ధానంతరం జర్మన్ ప్రజలకు వాళ్ల పేరు మీద జరిగింది చూపించాలని అమెరికా సైన్యం 'డెత్ మిల్స్' అనే లఘుచిత్రాన్ని తయారు చేయించింది. 1948లో స్టువర్ట్ షుల్‌బర్గ్ న్యూరెంబర్గ్ విచారణ మీదే ఒక పూర్తి చిత్రం తీశారు. అది జర్మనీలో ఆడింది కానీ అమెరికా ప్రేక్షకుల ముందుకు రాలేదు. అప్పటికే ప్రచ్ఛన్న యుద్ధం ముదిరి, నిన్నటి శత్రువు నేటి మిత్రుడైపోయాడు. ఆ చిత్రాన్ని పునరుద్ధరించిన కాపీ అక్కడి జనానికి చేరడానికి అరవై ఏళ్లు పట్టింది.

బడిలో స్థిరంగా నిలబడిన మొదటి చిత్రం ఫ్రాన్స్ నుంచి వచ్చింది. అలెన్ రెనే 1955లో తీసిన 'నైట్ అండ్ ఫాగ్' నిడివి 32 నిమిషాలు. ఒక పీరియడ్‌లో సరిపోతుంది. వ్యాఖ్యానం రాసిన జ్యాఁ కేరోల్ స్వయంగా మౌట్‌హౌసెన్ శిబిరంలో నరకం చూసి వచ్చిన కవి. గడ్డి మొలిచిన నేటి శిబిరం రంగుల్లోనూ, నాటి దారుణం నలుపు తెలుపుల్లోనూ పక్కపక్కనే నడుస్తాయి. ఫ్రాన్స్‌లో తరాల విద్యార్థులు దీన్ని తరగతిలో చూశారు. 1990లో కార్పాంత్రా పట్టణంలో యూదుల సమాధులను ధ్వంసం చేసినప్పుడు ఫ్రెంచ్ టెలివిజన్ ఛానెళ్లు ఈ సినిమానే ప్రసారం చేశాయి.

ఇందులో ఒక దృశ్యం చరిత్ర ఉపాధ్యాయుడి చేతికి దొరికిన నిధి. పితివియే నిర్బంధ శిబిరం ఫొటోలో కాపలాగా నిలబడిన ఒక ఫ్రెంచ్ పోలీసు టోపీ కనిపిస్తుంది. అంటే, ఫ్రాన్స్‌లోని యూదులను మరణశిబిరాలకు పంపడంలో ఫ్రెంచ్ పోలీసుల చెయ్యి కూడా ఉందని అర్థం. సెన్సారు వాళ్లు ఆ టోపీ కనిపించకూడదన్నారు. దాని మీద అడ్డంగా ఒక దూలం గీసి కప్పేశారు. ఎన్నో ఏళ్లపాటు ఫ్రెంచ్ విద్యార్థులు ఆ దూలాన్నే చూశారు. చివరికి అసలు ఫొటో మళ్లీ సినిమాలో చేరింది. కప్పిన ఫొటోనూ, కప్పని ఫొటోనూ పక్కపక్కన పెట్టి "ఎవరు కప్పారు, ఎందుకు కప్పారు?" అని అడిగిన తరగతిలో పిల్లలు వందల పేజీలు చదివినా రాని సంగతి నేర్చుకుంటారు. ఈ చిత్రానిదే ఇంకో లోపం కూడా తరగతిలో మాట్లాడాలి. చనిపోయిన వాళ్లలో అత్యధికులు యూదులన్న సంగతిని వ్యాఖ్యానం నొక్కి చెప్పదు. గొప్ప సినిమా కూడా కొంత వదిలేస్తుంది.

కోర్టే కథావస్తువైన కాలం

1961లో స్టాన్లీ క్రేమర్ 'జడ్జ్‌మెంట్ ఎట్ న్యూరెంబర్గ్' తీశారు. 1947లో నాజీ న్యాయమూర్తులనూ, న్యాయశాఖ అధికారులనూ బోనెక్కించిన విచారణ దానికి ఆధారం. చంపినవాళ్ల సంగతి అలా ఉంచి, చంపడానికి చట్టం రాసినవాళ్లూ, ఆ చట్టం ప్రకారం తీర్పులిచ్చినవాళ్లూ దోషులా కాదా అని ఆ సినిమా అడుగుతుంది. పదో తరగతి పిల్లలకు "చట్టబద్ధమైనదల్లా న్యాయమేనా?" అన్న ప్రశ్న వేయడానికి అంతకన్నా మంచి సాధనం నాకు తెలియదు. జర్మన్ లాయరు పాత్రలో మాక్సిమిలియన్ షెల్ వాదన ఎంత బలంగా ఉంటుందంటే, పిల్లలు ఒక దశలో అతని పక్షం వహిస్తారు. వహించనివ్వాలి. అక్కడి నుంచి వాళ్లంతట వాళ్లు బయటికి వచ్చినప్పుడే తీర్పు వాళ్లదవుతుంది. ఇదే కథ 1959లో టెలివిజన్ నాటకంగా వచ్చినప్పుడు, ప్రాయోజకులైన గ్యాస్ కంపెనీల సంఘం అభ్యంతరం వల్ల గ్యాస్ ఛాంబర్ల ప్రస్తావన వచ్చిన చోట శబ్దం తొలగించారు. పంతొమ్మిదేళ్ల తర్వాత అదే అమెరికన్ టెలివిజన్ ఆ విషయాన్నే ఇంటింటికీ చేర్చింది.

నాజీల యూదు సంహారం మీద 1978 ఏప్రిల్‌లో ఎన్‌బీసీ ప్రసారం చేసిన 'హోలోకాస్ట్' ధారావాహికను అమెరికాలో 12 కోట్ల మంది చూశారని అంచనా. మహావిషాదాన్ని కుటుంబ నాటకంగా దిగజార్చారని నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన రచయిత ఎలీ వీజెల్ మండిపడ్డారు. ఆ విమర్శలో నిజముంది. అయితే 1979 జనవరిలో అది పశ్చిమ జర్మనీకి వెళ్లినప్పుడు జరిగింది వేరు. సుమారు రెండు కోట్ల మంది చూశారు. ప్రతి భాగం అయ్యాక చరిత్రకారులు స్టూడియోలో కూర్చుని ప్రేక్షకుల ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఫోన్లు వేలల్లో వచ్చాయి. "నాన్నా, అప్పుడు నువ్వెక్కడున్నావు?" అన్న ప్రశ్న జర్మన్ ఇళ్లలోకి వచ్చింది. హత్యానేరాలకు కాలపరిమితి ఆ ఏడాది చివరితో ముగిసి నాజీ హంతకులు తప్పించుకునే ప్రమాదం ఉన్న సమయమది. ఆ వేసవిలో జర్మన్ పార్లమెంటు హత్యకు కాలపరిమితినే రద్దు చేసింది. ఒక టీవీ సీరియలే ఆ చట్టం తెచ్చిందనడం అతిశయోక్తి అవుతుంది. అది లేవనెత్తిన చర్చ ఆ ఓటుకు బలమిచ్చిందన్నది మాత్రం నిజం.

దాదాపు అదే కాలంలో, 1976లో, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం బ్రూక్‌లైన్‌లో మార్గట్ స్టెర్న్ స్ట్రామ్, విలియం పార్సన్స్ అనే ఇద్దరు ఉపాధ్యాయులు 'ఫేసింగ్ హిస్టరీ అండ్ అవర్‌సెల్వ్స్' అనే బోధనా కార్యక్రమం మొదలుపెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లలతో ప్రారంభమైన ఆ పని పద్ధతిని మార్చేసింది. చచ్చినవాళ్ల లెక్కలతో ఆగకుండా, చూస్తూ ఊరుకున్నవాళ్లు ఎందుకు ఊరుకున్నారు, ఎదిరించినవాళ్లు ఎలా ఎదిరించారు అన్న ప్రశ్నలను వాళ్లు ముందుకు తెచ్చారు.

ఓక్లండ్ పిల్లల నవ్వు

1994 జనవరి 17. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ స్మారక సెలవు. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో కాసిల్‌మాంట్ హైస్కూలు నుంచి సుమారు 70 మంది విద్యార్థులను గ్రాండ్ లేక్ థియేటరుకు తీసుకెళ్లి స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 'షిండ్లర్స్ లిస్ట్' చూపించారు. ఎక్కువమంది నల్లజాతి, లాటినో పిల్లలు. సినిమాలో ఒక యూదు స్త్రీని నాజీ అధికారి తలలో కాల్చి చంపే దృశ్యం వచ్చింది. కొందరు పిల్లలు నవ్వారు. హాల్లో ఉన్న పెద్దలకు, అందులోనూ ఆ మారణకాండలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు, అది భరించరానిదైంది. ఫిర్యాదులు వచ్చాయి. సినిమా ఆపి, లైట్లు వేసి, పిల్లలందర్నీ బయటికి పంపేశారు. మర్నాటికి ఇది దేశమంతా వార్త. నల్లజాతి పిల్లలకు యూదులంటే ద్వేషమని కొందరు తేల్చేశారు.

ఆ పిల్లలు చెప్పింది వింటే చిత్రం మారుతుంది. ఏం చూడబోతున్నామో వాళ్లకు ఎవరూ సరిగా చెప్పలేదు. నలుపు తెలుపుల్లో ఉన్న మూడు గంటల సినిమా, తెలియని దేశం, తెలియని చరిత్ర. తుపాకీ చావులు వాళ్ల వీధుల్లో కొత్తవి కావు. వెండితెర మీద హింసకు నవ్వడం వాళ్లు చూసిన వందల సినిమాలు నేర్పిన అలవాటు. విద్యార్థులు క్షమాపణ చెప్పారు. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్లు ఆ బడికి వచ్చి పిల్లలతో కూర్చుని మాట్లాడారు. ఏప్రిల్‌లో స్పీల్‌బర్గ్ స్వయంగా ఆ స్కూలుకు వచ్చి విద్యార్థులను కలిశారు, వాళ్లను వెనకేసుకొచ్చారు. నల్లజాతి ప్రజల అనుభవాన్ని కూడా కలుపుకుని ఆ స్కూల్లో పాఠాలు రూపొందాయి.

ఈ సంఘటనలో తప్పు పెద్దలది. ఏ సన్నద్ధతా లేకుండా పిల్లల్ని చీకటి హాల్లో కూర్చోబెట్టి, వాళ్ల గుండె దానంతటదే కరగాలని ఆశించారు. అదే సినిమాను విచారణ పద్ధతిలో చెప్పే దారి ఉంది. అందులో కనిపించే శిబిరాధిపతి ఆమన్ గ్యోట్‌ను ఉరితీసే దృశ్యం చివర్లో కొద్ది క్షణాలు వస్తుంది. ఉరికి ముందు కోర్టు ఉంది. 1946లో క్రాకోలో పోలండ్ అత్యున్నత జాతీయ న్యాయస్థానం అతన్ని విచారించింది. సాక్షులు వచ్చారు, అతనికీ లాయర్లున్నారు. సినిమా దాటేసిన ఆ విచారణను ఉపాధ్యాయుడు తరగతిలో పూరించాలి. లేకపోతే పిల్లలకు ప్రతీకారం గుర్తుంటుంది, న్యాయం గుర్తుండదు.

1994లోనే స్పీల్‌బర్గ్ స్థాపించిన సంస్థ బతికి బయటపడ్డవాళ్ల వాంగ్మూలాలను వీడియోలో రికార్డు చేయడం మొదలుపెట్టింది. దాదాపు 52 వేల వాంగ్మూలాలు పోగయ్యాయి. 2006 నుంచి ఆ సంస్థ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భాగం. తర్వాత రువాండా, ఆర్మేనియా, కంబోడియా, నాన్‌జింగ్ బాధితుల గొంతులు కూడా ఆ భాండాగారంలో చేరాయి. నా దృష్టిలో తరగతి గదికి 'షిండ్లర్స్ లిస్ట్' కంటే ఇదే గొప్ప కానుక. పది నిమిషాల ఒక ముసలమ్మ మాట, పిల్లల్ని ముంచెత్తే మూడు గంటల సంగీతం కంటే ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

పంతుళ్లే హంతకులైనప్పుడు

కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో తూల్ స్లెంగ్ అనే చోట ఒక ఉన్నత పాఠశాల ఉండేది. 1975లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం అధికారంలోకి వచ్చాక దాన్ని ఎస్-21 అనే చిత్రహింసల జైలుగా మార్చారు. తరగతి గదుల్లో ఇటుకలతో కొట్లు కట్టారు. పన్నెండు వేల మందికి పైగా అక్కడి నుంచి చావుకు వెళ్లారు. ఆ జైలు అధిపతి 'డుచ్' అనబడే కైంగ్ గెక్ ఇయావ్ అంతకుముందు లెక్కల మాస్టారు.

1984లో వచ్చిన 'ద కిల్లింగ్ ఫీల్డ్స్' ప్రపంచానికి కంబోడియాను పరిచయం చేసింది. అందులో నటించి ఆస్కార్ అందుకున్న హైంగ్ ఎస్. న్గోర్ ఆ మారణకాండను స్వయంగా దాటి వచ్చిన డాక్టరు. కానీ తరగతి గదికి అసలు పాఠం చెప్పినవాడు రిథీ పాన్. కుటుంబాన్ని ఆకలికి, రోగాలకు పోగొట్టుకుని చిన్న వయసులోనే శరణార్థిగా బయటపడ్డ ఈ దర్శకుడు, 2003లో 'ఎస్-21' తీశాడు. జైలు నుంచి బతికిన చిత్రకారుడు వాన్ నాథ్‌నూ, నాటి కాపలాదార్లనూ ఆ భవనంలోకే తీసుకొచ్చి ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. ఒక మాజీ కాపలాదారు ఖాళీ గదిలోకి వెళ్లి, లేని ఖైదీలను గద్దిస్తాడు, లేని గొలుసు లాగి చూస్తాడు, తలుపు మూసి గడియ పెడతాడు. పాతికేళ్ల తర్వాత కూడా అతని ఒంటికి ఆ పని గుర్తుంది. రక్తం చుక్క కూడా చూపించకుండా, ఒక మామూలు కుర్రాడు యంత్రంలో మరగా ఎలా మారతాడో ఆ దృశ్యం చెబుతుంది. హైస్కూలు వయసు పిల్లలకు అదే చూపించాలి. ఎందుకంటే ఆ కాపలాదార్లలో చాలామంది అప్పుడు ఆ వయసు వాళ్లే.

కంబోడియా బళ్లలో చాలాకాలం ఈ చరిత్ర నామమాత్రంగానే ఉండేది. 2007లో కంబోడియా డాక్యుమెంటేషన్ సెంటర్ విద్యార్థుల కోసం ప్రత్యేక చరిత్ర పుస్తకం తెచ్చింది. ఐక్యరాజ్యసమితి సహకారంతో ఏర్పడిన న్యాయస్థానం 2012లో డుచ్‌కు యావజ్జీవ శిక్ష ఖరారు చేసింది. 2018లో ఖ్మేర్ రూజ్ అగ్రనేతలు నువాన్ చియా, ఖియూ సాంఫాన్‌లను జాతిహనన నేరం కింద దోషులుగా తేల్చింది. ఆ నేరం రుజువైంది వియత్నామీయుల విషయంలోనూ, నువాన్ చియా మీద చామ్ ముస్లింల విషయంలోనూ. లక్షలాది ఖ్మేర్ ప్రజల చావులు మానవాళిపై నేరాల కింద లెక్కకు వచ్చాయి. జాతి, తెగ, వర్ణం, మతం అనే గుర్తింపు వల్ల ఒక సమూహాన్ని అంతం చేయాలన్న ఉద్దేశం రుజువైతేనే చట్టం ఆ నేరాన్ని ఒప్పుకుంటుంది. పిల్లలు ఈ తేడా తెలుసుకోవాలి. కోపంలో ప్రతి హింసకూ అదే పేరు పెడితే ఆ నేరాన్ని పట్టుకునే శక్తి చట్టానికి తగ్గిపోతుంది.

రువాండాలోనూ బడే రంగస్థలం. 1994 ఏప్రిల్ 11న కిగాలీలోని ఒక సాంకేతిక పాఠశాలలో సుమారు రెండు వేల మంది తలదాచుకుని ఉండగా, కాపలాగా ఉన్న ఐక్యరాజ్యసమితి బెల్జియన్ సైనికులు వెళ్లిపోయారు. గేటు బయట కత్తులతో కాచుకున్న ముఠాల చేతికి ఆ జనం చిక్కారు. 2005 నాటి 'షూటింగ్ డాగ్స్' సినిమాను ఆ బడిలోనే, బతికి బయటపడ్డవాళ్లను చిత్రబృందంలో కలుపుకుని తీశారు. ఆ ఏడాది రువాండాలో టుట్సీల మీద జరిగిన జాతిహననంలో వంద రోజుల్లో సుమారు ఎనిమిది లక్షల మంది చనిపోయారు. టాంజానియాలోని అరూషాలో అంతర్జాతీయ న్యాయస్థానం 1998 సెప్టెంబరు 2న టాబా మేయరు జ్యాఁ పాల్ అకయేసును దోషిగా ప్రకటించింది. ఒక అంతర్జాతీయ కోర్టు విచారించి ఒకరిని జాతిహనన దోషిగా తేల్చడం అదే మొదటిసారి. అత్యాచారం కూడా జాతిహననంలో భాగం కాగలదని తేల్చిందీ ఆ తీర్పే. ఆ ధర్మాసనంలోని ఏకైక మహిళ నవనీతం పిళ్లై, దక్షిణాఫ్రికాలో స్థిరపడిన తమిళ కుటుంబపు బిడ్డ. 2015 నాటి 'ది అన్‌కండెమ్డ్' డాక్యుమెంటరీ ఆ కేసు ఎలా నిలబడిందో, సాక్ష్యం చెప్పిన స్త్రీల ధైర్యం ఏమిటో చూపిస్తుంది.

అకయేసు మేయరు కాకముందు ఏం చేసేవాడు? బడిపంతులు, తర్వాత పాఠశాలల ఇన్‌స్పెక్టరు. డుచ్, అకయేసు ఇద్దరూ పిల్లలకు చదువు చెప్పినవాళ్లే. చదువు దానంతటది మనిషిని కాపాడదు. ఏం నేర్పుతున్నాం, ఎలా నేర్పుతున్నాం అన్నదే కాపాడుతుంది.

కన్నీళ్లు దారి తప్పించినప్పుడు

రువాండా అనగానే బళ్లలో వేసేది 2004 నాటి 'హోటల్ రువాండా'. వెయ్యికి పైగా ప్రాణాలు నిలిచిన హోటల్ కథ అది. కానీ ఆ హోటల్లో తలదాచుకున్న కొందరు, మేనేజరు పాల్ రుసెసబగినాను వీరుడిగా చూపడాన్ని ఒప్పుకోలేదు. అతను తర్వాత రువాండా ప్రభుత్వానికి ప్రత్యర్థి అయ్యాడు. 2021లో ఉగ్రవాద కేసులో శిక్షపడింది. ఆ విచారణ న్యాయంగా జరగలేదని విదేశాల నుంచి విమర్శలొచ్చాయి. 2023లో విడుదలయ్యాడు. సినిమా ఒక్కదాన్నే నమ్మిన విద్యార్థికి ఇదంతా గందరగోళం. విచారణ నేర్చుకున్న విద్యార్థికి ఇదే అసలు పని.

2008 నాటి 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పైజామాస్' ఇంతకంటే పెద్ద చిక్కు తెచ్చింది. శిబిరాధిపతి కొడుకు కంచె అవతలి యూదు పిల్లవాడితో స్నేహం చేసి, చివరికి గ్యాస్ ఛాంబర్లో చనిపోయే కల్పిత కథ అది. బ్రిటన్ విద్యార్థుల మీద లండన్ యూనివర్సిటీ కాలేజీ 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఈ కథ పిల్లల అవగాహనను ఎంతగా కమ్మేసిందో బయటపడింది. జర్మన్లకు ఏమీ తెలియదనీ, శిబిరం కంచె దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చనీ అనుకునే స్థితి వచ్చింది. ప్రేక్షకుడి కన్నీళ్లు కూడా అధికారి కొడుకు కోసమే ఎక్కువగా కారుతాయి. వాస్తవంలో ఆష్విట్జ్‌కు చేరిన చిన్నపిల్లల్లో అత్యధికులను రైలు దిగిన కాసేపటికే చంపేశారు. ఆ చరిత్ర చదివేవాళ్లూ, చెప్పేవాళ్లూ ఈ కథ మూలనవలకు దూరంగా ఉండాలని 2020లో ఆష్విట్జ్ స్మారక మ్యూజియమే బాహాటంగా ప్రకటించింది.

బడే అబద్ధం చెప్పినప్పుడు

1965-66లో ఇండోనేషియాలో కమ్యూనిస్టులనే ముద్ర వేసి కనీసం ఐదు లక్షల మందిని చంపారు. 1984లో సుహార్తో ప్రభుత్వం నాలుగు గంటలకు పైగా సాగే సినిమా తీయించింది. అందులో హంతకులు కమ్యూనిస్టులు, రక్షకులు సైనికులు. ఏటా సెప్టెంబరు 30న దాన్ని టెలివిజన్‌లో తప్పనిసరిగా ప్రసారం చేశారు. బడిపిల్లలు చూసి తీరాల్సిందే. 1998లో సుహార్తో గద్దె దిగాక ఆ నిర్బంధం ఆగింది.

జాషువా ఓపెన్‌హైమర్ 2014లో తీసిన 'ద లుక్ ఆఫ్ సైలెన్స్'లో ఒక తరగతి గది దృశ్యముంది. మాస్టారు కమ్యూనిస్టుల క్రూరత్వం గురించి ఆవేశంగా చెబుతుంటాడు. వినే పిల్లల్లో ఒకడి సొంత పెదనాన్న ఆ మారణకాండలో బలైనవాడు. ఇంటికొచ్చిన కొడుక్కి కళ్లద్దాల వృత్తి చేసే తండ్రి ఆది నెమ్మదిగా చెబుతాడు: బడిలో చెప్పింది అబద్ధమని. అన్నను చంపినవాళ్ల ఇళ్లకే వెళ్లి, వాళ్ల కళ్లకు అద్దాలు సరిచూస్తూ, నాడు ఏం చేశారని అడిగిన మనిషి అతను. వాళ్లలో ఎవరినీ ఏ కోర్టూ విచారించలేదు. 2023లో అధ్యక్షుడు జోకో విడోడో 1965 నాటి హింసతో సహా పలు ఘోరాలు జరిగాయని ఒప్పుకుని విచారం వ్యక్తం చేశారు. శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు.

దీనికి ఎదురుగా బోస్నియాలోని స్రెబ్రెనిత్సాను పెట్టి చూడండి. 1995 జులైలో ఎనిమిది వేల మందికి పైగా బోస్నియా ముస్లిం పురుషులను, కుర్రాళ్లను చంపారు. 'స్కార్పియన్స్' అనే సెర్బు దళం ఆరుగురిని కాల్చి చంపుతూ తమ వీడియో తామే తీసుకుంది. చనిపోయినవాళ్లలో పదహారు, పదిహేడేళ్ల పిల్లలున్నారు. 2005 జూన్ 1న ఆ వీడియోను హేగ్‌లో సెర్బియా మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్ విచారణలో చూపించారు. సెర్బియా టెలివిజన్‌లోనూ వచ్చింది. ఒక తల్లి తన కొడుకు చావును టీవీలో చూసింది. వెంటనే అరెస్టులు జరిగాయి. 2007లో బెల్‌గ్రేడ్ కోర్టు ఆ దళం సభ్యులకు శిక్షలు వేసింది. సెర్బియాలోనే సెర్బు న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పది.

మన ఉపఖండంలో

1971లో పాకిస్తాన్ సైన్యం చేతిలో తూర్పు బెంగాల్ (నేటి బంగ్లాదేశ్) నెత్తురోడుతుండగా కలకత్తాలో ఆశ్రయం పొందిన జహీర్ రైహాన్ ఇరవై నిమిషాల 'స్టాప్ జెనోసైడ్' తీశాడు. మరుసటి ఏడాది జనవరి 30న, మాయమైన తన అన్నను వెతుకుతూ ఢాకాలోని మీర్‌పూర్ వెళ్లి తిరిగి రాలేదు. 1995లో తారేక్ మసూద్, కేథరిన్ మసూద్ ఆ యుద్ధం మీదే 'ముక్తిర్ గాన్' చిత్రం తెచ్చారు. యువతీయువకులు దాన్ని ఊరూరా తిప్పి తెర కట్టి వేస్తే, సినిమా అయ్యాక గ్రామస్థులు లేచి తమ ఇంట్లో జరిగింది చెప్పడం మొదలుపెట్టారు. ఆ మాటల నుంచే 1999లో 'ముక్తిర్ కథా' పుట్టింది. ఈ విషయంలో ప్రపంచంలో ఎక్కడైనా ఇంతకంటే మంచి పాఠం జరిగిందని నేననుకోను. చూసినవాళ్లే సాక్షులయ్యారు.

మన దూరదర్శన్ 1988లో దేశవిభజన నాటి మతహింస మీద గోవింద్ నిహలానీ తీసిన 'తమస్' ప్రసారం చేస్తే, ఆపాలంటూ కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు ఆ ధారావాహికను స్వయంగా చూసి ప్రసారానికి అనుమతిచ్చారు. సుప్రీంకోర్టు కూడా అదే మాటన్నది. చెడు ఎలా పుడుతుందో చూపించడం దాన్ని రెచ్చగొట్టడం కాదని మన న్యాయస్థానాలు అప్పుడే తేల్చాయి.

భారతదేశం 1959లో జాతిహనన నిషేధ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. ఆ నేరానికి మన దేశంలో ప్రత్యేక చట్టం నేటికీ లేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో 2018 డిసెంబరులో కాంగ్రెస్ నేత సజ్జన్ కుమార్‌కు యావజ్జీవ శిక్ష వేస్తూ ఢిల్లీ హైకోర్టు ఈ లోటును ఎత్తిచూపింది. ముప్పై నాలుగేళ్ల తర్వాత వచ్చిన తీర్పది.

తెలుగు తరగతి గదికి

తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్రలో నాజీయిజం మీద అధ్యాయం ఏళ్ల తరబడి ఉంటూ వచ్చింది. మన రాష్ట్రాల పదో తరగతి సాంఘికశాస్త్రంలోనూ రెండు ప్రపంచయుద్ధాల మధ్య కాలం పాఠంగా వచ్చింది. అటు న్యూజెర్సీలో 1994 నుంచి హోలోకాస్ట్, జాతిహననాల బోధన చట్టరీత్యా తప్పనిసరి. అక్కడి తెలుగు ఇళ్ల పిల్లలు ఆ పాఠాలు చదివే పెరుగుతున్నారు. ఇక్కడ మాత్రం ఆ అధ్యాయం నాలుగు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయింది. "మన దగ్గర ఇలాంటివి జరిగాయా?" అని ఒక పిల్ల అడిగితే మాస్టారు నీళ్లు నమలకూడదు. చుండూరు చెప్పాలి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. అది చట్టం చెప్పే జాతిహననం కాదు, కుల మారణకాండ. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది, 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. ఎందుకు అలా జరిగిందన్న చర్చ పదో తరగతికి బరువేమీ కాదు.

ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. సినిమా మొత్తం వేయక్కర్లేదు. పది పదిహేను నిమిషాల భాగం చాలు. మాస్టారు ముందు తాను రెండుసార్లు చూడాలి. తల్లిదండ్రులకు చెప్పాలి. చూడలేనన్న పిల్లను బలవంతపెట్టకూడదు. నాజీలుగా, ఖైదీలుగా పిల్లలతో వేషాలు వేయించకూడదు; అమెరికా హోలోకాస్ట్ మ్యూజియం మార్గదర్శకాలు ఇదే హెచ్చరిస్తాయి. పిల్లలను ఆ చరిత్రలోకి క్షేమంగా తీసుకెళ్లి క్షేమంగా బయటికి తేవాలన్న ఇజ్రాయెల్ స్మారక సంస్థ యాద్ వాషెం సూత్రాన్ని పాటించాలి. ముందు ఒక పీరియడ్ నేపథ్యానికి, తర్వాత ఒక పీరియడ్ విచారణకు కేటాయించాలి. అడగాల్సినవి ఐదే ప్రశ్నలు: ఎవరు తీశారు? ఎవరి గొంతు లేదు? ఎవరు చూస్తూ ఊరుకున్నారు? ఎవరిని కోర్టు విచారించింది? ఎవరు తప్పించుకున్నారు?

సాంఘికశాస్త్రం చెప్పే ప్రతి ఉపాధ్యాయునికీ, ఉపాధ్యాయినికీ నా విన్నపం ఇది. ఈ విద్యాసంవత్సరంలో ఒక్క చిత్రభాగం ఎంచుకోండి, తెలుగులో ఒక పేజీ నేపథ్యం రాసుకోండి, ఆ ఐదు ప్రశ్నలు నల్లబల్ల మీద రాయండి. మీరు రాసిన పేజీని పక్క బడి మాస్టారుకు కూడా ఇవ్వండి. ప్రధానోపాధ్యాయులు అందుకు మూడు పీరియడ్లు ఇవ్వాలి. పాఠ్యపుస్తకాలు తయారుచేసే పెద్దలు ఇలాంటి పాఠ ప్రణాళికలను తెలుగులో ముద్రించి ప్రతి ఉన్నత పాఠశాలకూ పంపాలి. మన పిల్లలు రేపు ఓటర్లవుతారు, పోలీసులవుతారు, న్యాయమూర్తులవుతారు. ఆ ప్రశ్నలు వేయడం వాళ్లకు పదిహేనేళ్లకే అలవాటు చేయాలి.